మబ్బు కింద మోకాలు

ముందే ఒప్పుకుంటున్నాను. ఆ బొమ్మలో మనిషి నాకు మొదటి రోజే కనిపించాడు. అయినా తొమ్మిది రోజులు లేడనే వాదించాను.

బెంగాల్‌లోని సాల్ట్ లేక్‌లో మా ఆఫీసు పని, కంప్యూటర్‌కి బొమ్మలు చూడటం నేర్పడం. పాత బెంగాలీ చిత్రాలు స్క్రీన్ మీదకొస్తాయి. రెండు గళ్లు నింపాలి: మూడ్ ఏమిటి, మనుషులెందరు. నేను నింపింది ప్రసన్నకుమార్ సరిచూస్తాడు. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన తెలుగబ్బాయి. నవ్వాపుకోవడం అస్సలు రాదు.

ఆ చిత్రంలో నది, వానమబ్బు, ఒడ్డున గూడు పడవ. హడావిడిలో "దిగులు, మనుషులు సున్నా" అని కొట్టేశాను. ఫైలు వెనక్కొచ్చింది. దాని వెనకే అతనూ వచ్చాడు.

"వసుధ గారూ, గూడు కింద చూడండి. మోకాలు."

జూమ్ చేశాను. మోకాలే. వాన తగ్గేదాకా ముడుచుకు కూర్చున్న మనిషి. కానీ అవునంటే ఫైలు మూసేసి తన సీటుకి వెళ్లిపోతాడు.

"మోకాలేటండీ బాబూ! బియ్యం మూట."

"మూట కాలు మడుసుకుని కూకుంటాదేటి?"

"మా నాన్న ఓడల డాక్‌లో ముప్పయ్యేళ్లుగా మూటలు మోస్తన్నారు. మూటల గురించి నాకు చెప్పకండి."

ఇక రోజూ టీ టైముకి అతను నా దగ్గర హాజరు.

"మనిషున్నాక దిగులెలాగవుద్దండీ? ఎవరికోసమో ఆగినట్టు లేడూ?"

"బియ్యం ఎవరికోసం ఆగుతాయండీ?"

"మా అమ్మకీ చెప్పాను. మూటన్న పిల్లెవరని అడిగింది."

నాకు టీ పొలమారింది.

గురువారం కబురు తెలిసింది. సోమవారం నుంచి అతనికి హైదరాబాద్‌లో పని, నాలుగు నెలలు. ఆ రాత్రి అన్నం సహించలేదు. ఏదో ఒకటి చెప్పకపోతే ఇక చెప్పలేను.

శుక్రవారం నేనే అతని సీటు దగ్గరికెళ్లాను. అనుకున్న మాటల్లో ఒక్కటే బయటికొచ్చింది.

"మనిషే. ఓడిపోయాను."

అతను ఫైలు మూయలేదు. స్క్రీన్ నా వైపు తిప్పాడు.

"మీరెక్కడ జూమ్ చేసారో నాకు కనిపిస్తాదండీ. ఆ మోకాలి మీద మొదటి రోజే పద్నాలుగుసార్లు."

చెవులు వేడెక్కాయి. "మరి అప్పుడే చెప్పలేదేం?"

"రెండుసార్లు తేడా వస్తే మూడోవాళ్లకి పంపాలని రూలు. పంపానేటి?"

కుర్చీలోంచి లేచాడు. మళ్లీ అతనే అన్నాడు.

"వెళ్లేలోగా అమ్మని మీ ఇంటికి పంపించమంటారా?"

"ముందు మీరు రండి. రేపు ఆరింటికి నాన్న ఇంట్లో ఉంటారు. ఏటి, భయమా?"

"భయమే. వస్తాను."

ఐదింటికే వచ్చేశాడు. మా అమ్మ అతనిచేత ఉల్లిపాయలు కోయించింది. ఆరింటికి నాన్న వచ్చేసరికి పెళ్లికొడుకు కళ్లనిండా నీళ్లు.

"ఏటి బాబూ, ఇప్పుడే ఏడుస్తన్నావు? రేపు మీ అమ్మగార్ని తీసుకురా" అన్నారు నాన్న.

మరి మీరో? గెలవాలని కాకుండా, మాట ఆగిపోకూడదని సాగదీసిన గొడవ మీకూ ఒకటుండే ఉంటుంది. ఎవరితో, దేని గురించి, ముందు ఎవరు బయటపడ్డారు? రాయండి. చదవడానికి నాకిప్పుడు నాలుగు నెలల తీరిక.