చెల్లోకి పెట్టిన బొట్టు

"ఆ నిమ్మకాయలు పట్టుకుని లోపలికి రాకూడదండి."

జ్యోత్స్న మాటకి ఓంకార్ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఒక చేతిలో నిమ్మకాయల సంచి, ఇంకో చేతిలో కొబ్బరికాయ, చెవి మీద బంతిపువ్వు.

"ఏంది మేడం, నిమ్మకాయల బాంబు ఉన్నదా?"

"జోకులు తర్వాత. ఈ గదిలో ఏముందో తెలుసు కదా?"

తెలుసు. గది మధ్యలో స్టాండు మీద తేనెరంగు చెల్లో, మనిషెత్తు వయొలిన్‌లాంటి వాద్యం, నిలబడి ఉంది. రెండు శతాబ్దాల నాటి చెక్క. హంగరీ నుంచి వచ్చిన ఇలోనా అనే విదుషిది. చలి ఎక్కువైతే బిగుసుకుంటుంది, ఉక్కపోస్తే ఉబ్బుతుంది. ఈ ఊరి గాలికి అలవాటు పడాలని ఆవిడ నిన్నటి రిహార్సల్ తర్వాత దాన్ని ఈ ఏసీ గదిలో వదిలి, తాళం జ్యోత్స్న చేతిలో పెట్టి వెళ్ళింది.

అప్పటికి సైబర్ టవర్స్ తెరిచి ఏడాది నిండలేదు. చుట్టూ బండరాళ్ళు, బుల్డోజర్లు, ఎర్రదుమ్ము. వాటి మధ్య లేచిన కొత్త ఆడిటోరియంలో ఆ సీజనంతా విదేశీ కచేరీలే. జపాన్ పియానిస్టు వచ్చి వెళ్ళాడు. జర్మనీ ఆర్కెస్ట్రా వచ్చి వెళ్ళింది. వచ్చిన కళాకారులను చూసుకోవడం జ్యోత్స్న ఉద్యోగం. ఏసీలు, జనరేటర్ చూసుకోవడం మదీనాగూడ ఓంకార్ కాంట్రాక్టు. గది చల్లబడలేదని ఆమె, మనుషులు గడ్డకట్టి చస్తారని అతను, సీజన్ మొదలైన రోజు నుంచీ ఇదే పోట్లాట.

"ఇయ్యాల ఆయుధపూజ మేడం. నా పానాలకి, స్క్రూడ్రైవర్లకి, జనరేటర్‌కి, ఏసీలకి అన్నిటికీ బొట్టు పెట్టాలె. లేకుంటే మా అమ్మ ఇంట్ల అన్నం పెట్టది."

"జనరేటర్‌కి నిలువెత్తు దండ వేసుకోండి. ఈ గదిలో మాత్రం చిటికెడు పసుపు కనిపించినా మా మేనేజర్ మీ కాంట్రాక్టు, నా ఉద్యోగం కలిపి పీకేస్తాడు."

"కలిపా? గట్లయితే మంచిదే. ఇద్దరం ఒక్కతాన్నే ఖాళీగ కూసుంటం."

జ్యోత్స్నకు నవ్వొచ్చింది. రానిచ్చిందా, లేదు. హోటల్‌కి వెళ్ళి ఇలోనాను తీసుకురావాలి. కానీ గదిలో ఏసీ ఫిల్టర్ శుభ్రం చేయాలి. తప్పక తాళంచెవి అతని చేతిలో పెట్టింది.

"చీమ కూడా దూరకూడదండి."

"ఫికర్ చెయ్యకున్రి. చీమని గూడ ఐడీ కార్డు అడుగుత."

*

హోటల్లో ఇలోనా భోజనానికి కూర్చుంది. కాసేపట్లో వేరే కారులో వస్తానంది. జ్యోత్స్న ముందుగా వెనక్కి వచ్చి, తాళం వేసి లేని గది తలుపు తీసింది.

పరుగున స్టాండు దగ్గరికి వెళ్ళింది.

చెల్లో భుజం మీద మూడు పసుపు గీతలు. వాటి మధ్య కాసంత కుంకుమ బొట్టు. తీగల సందున బంతిపువ్వు. కింద నేలంతా అక్షింతలు.

"ఓంకార్!"

అతను జనరేటర్ గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. వెనకే మేనేజర్ మునిస్వామి కూడా వచ్చాడు. మునిస్వామి మొహం తెల్లగా పాలిపోయింది, తర్వాత ఎర్రబడింది.

"ఎవడు? ఎవడు చేశాడిది?"

ఓంకార్ చెల్లో వైపు చూశాడు. తర్వాత జ్యోత్స్న వైపు చూశాడు. ఆమె వంగి నేల మీది అక్షింతలు ఏరడం మొదలుపెట్టింది. అతను ఏదో చెప్పబోయి మింగేశాడు.

"నేనే పెట్టిన సార్."

"నేను చెప్పాను కదండీ!" జ్యోత్స్న అరిచింది. "పొద్దున్నే చెప్పాను కదా! మీకు అన్నీ వేళాకోళమేనా?"

అతను తలెత్తలేదు. సీజనంతా ఒక మాటకి నాలుగు మాటలు అప్పజెప్పినవాడు ఇప్పుడు ఒక్క మాటా అనలేదు. దానికే ఆమెకి ఇంకా మండింది.

మునిస్వామి గార్డుల్ని పిలిచి అతన్ని గేటు దగ్గరికి పంపించాడు.

"సార్, తుడవనా?" అంది జ్యోత్స్న.

"తుడువు! తడిగుడ్డ తీసుకో!"

"నీళ్ళు తగిలితే పాలిష్ లేచిపోతుంది సార్. ఇలోనా గారు నిన్న మరీ మరీ చెప్పారు."

"అయితే ముట్టుకోకు. ఆవిడ వచ్చేలోపు పోలీసులకి ఫోన్ చేస్తాను. ఏసీవాడు ఒప్పుకున్నాడు కాబట్టి వాణ్ణి అప్పగించేద్దాం. నేరస్తుణ్ణి పట్టుకున్నాం మేడం అని చెబితే మన పరువైనా దక్కుతుంది. లేకపోతే ఈ సీజన్ ఇవాళ్టితో ఆఖరు. నీ ఉద్యోగం కూడా."

ఆయన నంబరు వెతకడానికి తన గదిలోకి వెళ్ళాడు. అప్పుడే రిసెప్షన్‌లో ఫోన్ మోగింది. జ్యోత్స్నకే.

"ఒసేయ్, పులిహోర తిన్నావా?"

"అమ్మా! నేను తర్వాత మాట్లాడతాను, ఇక్కడ..."

"నీ బల్ల మీదే పెట్టానే డబ్బా. గుళ్ళోంచి అటే వచ్చాను. నువ్వేమో హోటల్‌కి వెళ్ళావన్నారు. ఆ ఏసీ అబ్బాయి ఎవరే, ఎంత మర్యాదస్తుడు! కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. పెద్ద వీణ చూస్తానంటే ముందు వద్దన్నాడు, నీ తల్లినని తెలిశాక కాదనలేకపోయాడు పాపం."

జ్యోత్స్న రిసీవర్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"అమ్మా. నువ్వు దాన్ని ముట్టుకున్నావా?"

"ముట్టుకోకుండా ఎలా ఉంటానే? మహర్నవమి పూట వాద్యం బోసి మొహంతో నిలబడుంటే! ఆ దొరసానికి తెలియదు, మనకి తెలుసు కదా. అతను బయట మెషీను చూసుకోవడానికి వెళ్ళినప్పుడు బొట్టు పెట్టి, అక్షింతలు వేసి దణ్ణం పెట్టాను. అన్నట్టు వాళ్ళతో చెప్పు, పూజలో ఉన్న వాద్యం ఇవాళ మీటకూడదు. రేపు దశమినాడు తియ్యాలి."

జ్యోత్స్న తల్లి నాగేశ్వరి ముప్ఫై ఏళ్ళుగా వీణ నేర్పుతోంది. చందానగర్‌లో వాళ్ళ అద్దెయింట్లో ఈ ఒక్కరోజు మాత్రం వీణ పలకదు. పసుపు కుంకుమలతో పీట మీద కూర్చుంటుంది.

"ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నావ్?"

"మాదాపూర్‌లో టెలిఫోన్ బూత్‌లో ఉన్నాను. ఒక్క బస్సూ రాదేం?"

"అక్కడే ఉండు. కదలకు."

ఫోన్ పెట్టేసింది. అద్దాల తలుపు అవతల వాన మొదలైంది. గేటు దగ్గర ఇద్దరు గార్డుల మధ్య ఓంకార్ తడుస్తూ నిలబడి ఉన్నాడు.

నోరు మూసుకుంటే అమ్మకి ఏమీ కాదు. తన ఉద్యోగం నిలుస్తుంది. అతను మాత్రం స్టేషన్‌కి వెళ్తాడు. నోరు విప్పితే?

పోర్టికోలో కారు ఆగింది. గొడుగు కింద ఇలోనా దిగుతోంది.

*

జ్యోత్స్న పూర్తిగా ఆలోచించుకోలేదు. ఆలోచిస్తే ధైర్యం చచ్చిపోతుందని తెలుసు. ఎదురెళ్ళి, మునిస్వామి గదిలోంచి బయటికొచ్చేలోపు ఇంగ్లీషులో మొత్తం చెప్పేసింది. బొట్టు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో, చేయని తప్పు ఎవరు నెత్తిన వేసుకున్నారో.

ఇలోనాకు అరవై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా, కర్రలా ఉంటుంది. ఒక్క ప్రశ్న కూడా వేయకుండా గదిలోకి నడిచింది. చెల్లో ముందు వంగి చాలాసేపు చూసింది.

"మేడం, దోషిని పట్టుకున్నాం," అన్నాడు మునిస్వామి వెనకనుంచి. "పోలీసులు..."

ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఇది చేసిన మనిషిని నేను చూడాలి. ఈ అమ్మాయి తల్లిని."

జ్యోత్స్న గేటు దాకా వానలో పరుగెత్తింది.

"ఎందుకు చెప్పారండీ అబద్ధం?"

"గేటు కాడ గార్డుల ముందు పంచాయితీ పెడ్తవా?"

"చెప్పండి!"

"మీ అమ్మ అని చెప్తే నీ నౌకరీ పోతది. నాకేంది, మదీనాగూడల అన్ని ఇండ్ల ఫ్రిజ్‌లు నన్నే పిలుస్తయ్." అతను మొహం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. "తప్పు నాది గూడ ఉంది. చీమని గూడ అడుగుత అన్నోన్ని, మీ అమ్మ అనంగనే తలుపు బార్లా తెరిచిన. అత్త... అంటే, పెద్దామె కదా అని."

"ఏమన్నారు?"

"ఏమనలే."

"నేను నిజం చెప్పేశాను. ఆవిడ అమ్మని రమ్మంటోంది. మాదాపూర్ బూత్ దగ్గరుంది. మీ బండి..."

మాట పూర్తయ్యేలోపే అతను గార్డుల మధ్య నుంచి బయటపడి బండికి కిక్ కొట్టాడు. వదిలేయమని ఆమె గార్డులకి సైగ చేసింది.

*

నాగేశ్వరి జీవితంలో మొదటిసారి మోటారు సైకిలెక్కింది. తడిసిన పట్టుచీరతో, ఒక చేత్తో ఓంకార్ చొక్కా, ఇంకో చేత్తో గుళ్ళో ప్రసాదం సంచి పట్టుకుని దిగింది. విషయం దారిలోనే తెలిసింది. వస్తూనే కూతురి చెయ్యి పట్టుకుంది.

"నాకు తెలియక చేశానని చెప్పవే. పిల్ల ఉద్యోగం తియ్యొద్దని చెప్పవే."

జ్యోత్స్న అనువదించింది. ఇలోనా మొహంలో ఏ మార్పూ లేదు.

"అడుగు. నా వాద్యం ఆమెకి ఏమనిపించింది?"

నాగేశ్వరి తెల్లబోయి కూతురి వంక చూసింది. "ఏమనిపించడమేంటి? అమ్మవారు. నిలబడి ఉంది కదాని పరాయిదనుకుంటామా?"

అది ఇంగ్లీషులోకి మార్చడానికి జ్యోత్స్న తంటాలు పడింది. ఇలోనా విన్నది. పెట్టెలోంచి మెత్తటి పొడిగుడ్డ తీసి నాగేశ్వరి చేతికి ఇచ్చింది.

"సాయంత్రం నేను వాయించాలి. ఆమె పెట్టింది, ఆమే తియ్యాలి."

"ఇవాళ కదపకూడదమ్మా," అంది నాగేశ్వరి.

మునిస్వామి నుదురు కొట్టుకున్నాడు. ఓంకార్ మెల్లగా అందుకున్నాడు.

"అమ్మా, మా ఇంట్ల ఆటోకి గూడ పూజ చేస్తం. నడిమిట్ల ఎవరికన్న పానం మీదికొస్తే, అమ్మవారికి మొక్కి బండి తీస్తం. ఇయ్యాల మీ బిడ్డ పానం మీదికొచ్చింది."

నాగేశ్వరి ఒక నిమిషం కళ్ళు మూసుకుంది. తర్వాత రెండు అక్షింతలు వేసి, పూజ ముగించే ఉద్వాసన మంత్రం చెప్పి, చెల్లోని స్టాండుతో సహా వెంట్రుకవాసి కదిపింది. పువ్వు తీసింది. గుడ్డతో పసుపు అద్దింది. పొడిపొడిగా రాలిపోయింది. కుంకుమ కూడా.

ఒక్కచోట తప్ప. తడివేలితో పెట్టిన చోట లేత ఎరుపు మరక మిగిలింది.

ఇలోనా టార్చి వేసి చూసింది. వేలికొనతో తడిమింది. తర్వాత కమాను తీసి ఒక్క తీగ మీద లాగింది. గదినిండా గంభీరమైన నాదం పరుచుకుంది. నాగేశ్వరి తెలియకుండానే చేతులు జోడించింది.

"నాకు కోపం తగ్గలేదు," అంది ఇలోనా. "కానీ వాయిస్తాను." మునిస్వామి వైపు తిరిగింది. "ఎల్లుండి కచేరీకి కూడా తాళం ఈ అమ్మాయి దగ్గరే ఉండాలి. ఆ కుర్రవాడు కూడా ఇక్కడే ఉండాలి. పోలీసుల్ని పిలిచేవాళ్ళు నా గదికి అక్కర్లేదు."

*

హాలు నిండిపోయింది. సాఫ్ట్‌వేర్ బాసులు, విదేశీ అతిథులు. వేదిక మీద ఇలోనా, ఆమె వెనక ఆర్కెస్ట్రా. సంగీతం కాస్త ఆగినప్పుడల్లా సగం హాలు చప్పట్లు కొట్టబోయి పక్కవాళ్ళ వంక చూస్తోంది.

రెండో భాగం మధ్యలో కరెంటు పోయింది.

చిమ్మచీకటి. ఆర్కెస్ట్రా ఆగిపోయింది. చెల్లో మాత్రం ఆగలేదు. ఇలోనా ఒక్కతే చీకట్లో వాయిస్తూ పోతోంది.

జనరేటర్ మోగలేదు.

జ్యోత్స్న టార్చితో పరుగెత్తింది. జనరేటర్ గదిలో ఓంకార్ బ్యాటరీ వైర్ల మీద వంగి ఉన్నాడు.

"వాన నీళ్ళు దిగినయ్. జర వెలుతురు పట్టు."

టార్చి వెలుగు గోడంతా తిరుగుతోంది.

"ఏంది మేడం, పరేషాన్ గున్నవ్? కరెంటు పోవుడు కొత్తనా మనకి?"

"భయంగా ఉంది."

"ఆ చెల్లోకి ఏం గాదు. ఐదు నిమిషాలల్ల చెక్క ఉబ్బది."

"చెల్లో గురించి కాదు." ఆమె టార్చి వైర్ల మీదికి తిప్పింది. "మధ్యాహ్నం నుంచీ అదే. గేటు దగ్గర మిమ్మల్ని అలా చూశాక... సీజన్ అయిపోతే మీరు మళ్ళీ కనిపించరేమోనని."

పానా ఆగింది.

"నేను రోజూ ఏసీ ఎందుకు తక్కువ పెడుతున్న అనుకున్నవ్?" అన్నాడు మెల్లగా. "నువ్వొచ్చి లొల్లి చేస్తవని."

జ్యోత్స్న ఏదో అనేలోపు అతను తీగ బిగించి మీట నొక్కాడు. జనరేటర్ ఒక్కసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. మూడోసారి గర్జించింది. పైన హాల్లో దీపాలు వెలిగాయి, ఆర్కెస్ట్రా మొత్తం చెల్లో వెనక వచ్చి చేరింది.

*

మర్నాడు పొద్దుగూకే వేళ ఓంకార్ చందానగర్ వచ్చాడు. పక్కన తల్లి భాగ్యమ్మ. ఆమె చూపు ఇంటిని, వీణని, జ్యోత్స్నని వరసగా కొలిచింది. జ్యోత్స్న చాప తెచ్చి పరిచింది.

"గీ పిల్లనేనారా, ఏసీ కోసం నిన్ను తిట్టేది?"

"గీమెనే."

"మంచిగ తిడ్తదా?"

"శానా మంచిగ."

"గట్లయితే నాకు పని తప్పింది," అని భాగ్యమ్మ నాగేశ్వరి పక్కన చాప మీద కూర్చుంది.

ఓంకార్ నాగేశ్వరి చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్ళకి మొక్కాడు. "బంగారం అమ్మా. దసరకి మా దిక్కు పెద్దోళ్ళకి గిట్ల పెడ్తం."

నాగేశ్వరి అతని తల మీద చెయ్యి వేసి, ఎంతసేపటికీ తియ్యలేదు. "ఊరెళ్ళిన మీ నాన్నగారికి ఫోన్లో మీ ఇద్దరి సంగతి చెప్పాను," అంది కూతురితో, అటు చూడకుండానే. "ముందు ఆ అబ్బాయికి అన్నం పెట్టమన్నారు."

జ్యోత్స్న ముందుకి వచ్చి అరచేయి చాపింది. ఓంకార్ ఆకు పెట్టి, చెయ్యి వదలకుండా గొంతు తగ్గించాడు.

"ఈడుజోడోళ్ళకి జమ్మి పెట్టినంక అలాయ్ బలాయ్ తీసుకోవాలె. ఒకరినొకరు కౌగిలించుకోవాలె. అట్లయితేనే చెల్లుతది."

"మా వైపు ఆ ఆచారం లేదండి."

"మరి ఎట్ల?"

ఆమె వంటింటి వైపు చూసింది. ఇద్దరు తల్లులూ అప్పటికే లోపలికి చేరి పులిహోరలో ఇంగువ గురించి వాదించుకుంటున్నారు.

"నేర్పితే నేర్చుకుంటాను," అంది.