ఎడమ భుజం మీద చెయ్యి

తెనాలిలోని ఆ నర్సింగ్ హోమ్‌లో స్కానింగ్ గది ఎప్పుడూ చీకటిగానే ఉండేది. కిటికీ అద్దాలకు నల్లకాగితం, గుమ్మానికి మందపాటి తెర. లోపల కొత్త డాక్టరు రాజారత్నం ముఖం మెషీను వెలుగులో పాలిపోయి కనిపించేది. స్టాఫ్ నర్సు విమలకు ఆ గదంటే సరిపడదు.

"లైటు వేస్తే మీ మెషీను అలుగుతుందాండి?" అంది, అతను చేరిన రోజే.

"అలగదు సిస్టర్, బొమ్మ సరిగ్గా కనబడదు. మీకు భయమైతే వేస్తాను."

"నాకేం భయం?" అని విసురుగా వెళ్ళిపోయింది. తరువాత నెలరోజులూ ఇద్దరి మధ్యా ఇవే మాటలు.

1994 ఆగస్టులో ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మి, మూడింటికే లైట్లు వెయ్యాల్సి వచ్చింది. రేపల్లె నుంచి ఎవరినో కారులో తెచ్చారంటే విమల స్ట్రెచర్ దగ్గరికి పరుగెత్తి, అక్కడే నిలబడిపోయింది. వాళ్ళ నాన్న, కృపారావు మాస్టారు. బడి నుంచి భోజనానికి వస్తుంటే ఎడ్లబండి నొగ కడుపులో గుద్దుకుని సైకిలు మీంచి పడ్డాడట. ఒంటి మీద గీత కూడా లేదు.

"ఏం లేదమ్మా. మీ అమ్మే కంగారుపడి కారెక్కించింది," అని నవ్వాడు. తరువాత గొంతు తగ్గించాడు. "మా అన్న బర్నబాసు వచ్చాడు విమలా. నా ఎడమ భుజం మీద చెయ్యేసి నొక్కుతున్నాడు. నీకు కనబడ్డం లేదా?"

బర్నబాసు పెదనాన్న పోయి పదకొండేళ్ళు. తండ్రి పక్కనున్న ఖాళీ వైపు చూసేసరికి విమలకు వెన్నులో చలి పాకింది. తల్లి కమలమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

సర్జన్ బసవేశ్వరరావు బీపీ చూసి, "బాగానే ఉన్నాడు. రేపటిదాకా చూద్దాం," అన్నాడు.

రాజారత్నం మాత్రం ముందుకొచ్చాడు. "ఆ భుజానికి దెబ్బ తగిలిందా మాస్టారూ?"

"లేదు బాబూ."

"వెంటనే లోపలికి తీసుకురండి."

చీకట్లో కడుపు మీద చల్లటి జెల్లీ రాసి ప్రోబు ఆనించాడు. తెర మీద బూడిదరంగు మేఘాలు కదిలాయి. కాలేయం కింద సన్నటి నల్లగీత. ఎడమ పక్కటెముకల కింద, ప్లీహం చుట్టూ, ఇంకాస్త మందంగా.

"అదేంటండి? మాట్లాడరేంటి?" అంది పక్కనే నిలబడ్డ విమల.

అతను తెర మీంచి కళ్ళు తియ్యలేదు. పది నిమిషాలాగి మళ్ళీ అక్కడే ఆనించాడు. గీత వెడల్పయింది. పైన మనిషి మాట్లాడుతూనే ఉన్నాడు. లోపల ఆ నలుపు చప్పుడు లేకుండా పెరుగుతోంది.

"అన్నయ్య రమ్మంటున్నాడు," అన్నాడు కృపారావు, చాలా మామూలుగా.

రాజారత్నం సర్జన్‌ను పిలిచాడు. "అది రక్తం సార్. ప్లీహం చిట్లింది. లోపల రక్తం చేరితే నొప్పి ఒక్కోసారి భుజంలో తెలుస్తుంది."

"ఈ బొమ్మని నమ్మి పొట్ట కొయ్యమంటావా? తీరా ఏమీ లేకపోతే?"

"తప్పు నాదేనని కేసు షీటులో రాసి సంతకం పెడతాను."

సర్జన్ విమల వైపు చూశాడు. ఆమె రాజారత్నాన్ని అడిగింది. "మీకు నిజంగా కనబడిందాండి?"

"కనబడిందండి."

ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ ఆమె సంతకం చేసింది.

కడుపులో లీటరున్నర రక్తం ఉంది. చిట్లిన ప్లీహం తీసేశారు. "ఇంకో గంట ఆగితే మనిషి దక్కేవాడు కాదు," అన్నాడు సర్జన్ బయటికొచ్చి.

విమల స్కానింగ్ గదిలోకి వెళ్ళింది. రాజారత్నం తుడిచిన ప్రోబునే మళ్ళీ తుడుస్తున్నాడు.

"అప్పుడు నాతో ఒక్కమాటైనా ఎందుకు చెప్పలేదండి?"

"దెబ్బ తిన్న మనిషిలో రక్తం అలా పెరగడం నేనెప్పుడూ చూళ్ళేదు. అది మీ నాన్నగారిలో చూశాను. నోరు రాలేదు. తప్పయితే రేపు మీ ముఖం ఎలా చూడాలా అని..."

"నా ముఖం చూడ్డం అంత అవసరమాండి?"

"అవసరమేనండి. రోజూ."

బయట వాన మొదలైంది. ఆమె వెళ్ళలేదు.

అక్టోబరులో బాపట్ల నుంచి తల్లి సుందరమ్మను వెంటబెట్టుకుని రాజారత్నం రేపల్లె వచ్చాడు. కాఫీలయ్యాక సుందరమ్మ మొహమాటపడుతూ, "మరి మీ అభిప్రాయం ఏంటి అన్నయ్యగారూ?" అంది.

కృపారావు కూతురి వైపు ఒకసారి చూశాడు.

"నా కడుపులో ఏముందో చూసిన పిల్లవాడమ్మా. మనసులో ఏముందో వేరే చెప్పాలా?"