కంట్రోల్ గ్రూపులో టైలరు

జిమ్ములో జరిగే స్టడీకి తీసిన చీటీ మీద "కంట్రోల్" అని చూడగానే టైలరు ముఖం మాడిపోయింది.

"అంటే నేను ఎక్సర్‌సైజ్ చెయ్యకూడదా?"

"పన్నెండు వారాలు ఎప్పట్లాగే ఉండండి, చాలు," అంది రీసెర్చ్ అమ్మాయి. "ఇవాళా, ఆఖర్నా రక్తం ఇవ్వాలి. బరువులెత్తేవాళ్ళకీ మీకూ తేడా చూస్తాను. కొవ్వు ఊరికే కూర్చోదండీ, హార్మోన్లు వదుల్తుంది. లెప్టిన్, అడిపోనెక్టిన్ అని. ఇన్సులిన్ మాట ఒళ్ళు వింటుందా లేదా అన్నదాంట్లో వాటికీ చెయ్యుంది."

అతని ఒళ్ళు వినడం లేదని మొదటి పరీక్షలోనే తేలింది. కానీ అతని బాధ అది కాదు. బరువులెత్తే ఇరవై మందీ వారానికి మూడుసార్లు ఆమెతో కబుర్లాడతారు. తనకేమో, సందులో ఎదురుపడితే ఒక నవ్వు నవ్వి గబగబా వెళ్ళిపోతుంది. అంతే.

ఆ జిమ్ము అతని షాపు వెనకే. "ఇంకొక్కటి! శభాష్!" అని ఆమె గొంతు వినిపిస్తే ఇక్కడ కత్తెర వంకర పోయేది. చూడండి మగవాడి తెలివి! వెనకగదిలో గుడ్డ తానులు రెండు సంచుల్లో కుక్కి, ఆ శభాష్ తనకే అనుకుని ఎత్తడం మొదలెట్టాడు.

"ఏమయ్యా మరిదీ, గుడ్డ కుట్టడం మానేసి మోస్తున్నావేంటి?" అంది వదిన.

"నడుముకి మంచిది, వదినా."

"నడుముకా, గుండెకా?"

పన్నెండు వారాలు గడిచాయి. రెండోసారి రక్తం ఇచ్చాక, ఆమె అతన్ని లాబ్‌కి పిలిపించింది.

"మీ లెప్టిన్ తగ్గింది, అడిపోనెక్టిన్ పెరిగింది. ఇన్సులిన్ రెసిస్టెన్స్ బాగా దిగింది. ఏమీ చెయ్యకుండా ఎలాగండీ? రక్తపరీక్ష కిట్లే పాడయ్యాయేమో, మొత్తం స్టడీ మళ్ళీ చెయ్యమంటున్నారు మా సార్. రెండేళ్ళ పని!"

ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతని ప్రాణం ఉసూరుమంది. నిజం చెప్తే ఇక తన ముఖం చూడదు. చెప్పకపోతే ఆమె పని మట్టిపాలు.

"కిట్ల తప్పు కాదండీ, నాది. నేనూ బరువులెత్తాను."

"ఎందుకు?"

"మీరంటే ఇష్టం. మీ పని పాడవుతుందని అప్పుడు తట్టలేదు. నా బుద్ధి గడ్డి తింది."

ఆమె పెన్ను తీసింది. "వారానికి ఎన్ని రోజులు? ఎన్ని కేజీలు?"

"నాలుగు రోజులు. చేతికి పదిహేను."

"నా ప్లానుకన్నా ఎక్కువే!" అంది ఒళ్ళుమండి. అతని నంబరు కొట్టేసి, పక్కన కారణం రాసింది. "మీరొక్కరే స్టడీలోంచి పోతారు. మిగతా లెక్కలు నిలబడతాయి."

"క్షమించండి," అని అతను లేచి తలుపు దాకా వెళ్ళాడు.

"ఆగండి. స్టడీలో ఉన్నవాళ్ళతో బయట టీ తాగడానికైనా మాకు పర్మిషన్ లేదు. మూడు నెలల్నుంచీ ఆ రూలంటే నాకు ఎంత కోపమో మీకు తెలీదు. ఇప్పుడు మీరు స్టడీలో లేరుగా?"

అది బుర్రకెక్కడానికి అతనికి నిమిషం పట్టింది.

"చక్కెర లేకుండానే తాగుతానండీ!" అన్నాడు.