బాతు నడిచిన దారి

ఉదయం ఏడున్నర. మబ్బుగా ఉంది. వాన లేదు.

నాలుగో షెడ్డులో బాతు నడుస్తోంది. అది యంత్రం. అడుగున తడిగుడ్డ ఈడ్చుకుంటూ, అటూ ఇటూ ఊగుతూ పోతుందని అక్కడ పనిచేసే ఆడవాళ్లు ఆ పేరు పెట్టారు.

షెడ్డులో ఆరువేల కోడిపెట్టలు. వాటి గుడ్లు తినడానికి కావు, పొదిగించడానికి. ఒక్క పెట్ట పేగులో సాల్మొనెల్లా బ్యాక్టీరియా చేరితే చాలు. రెట్టలోకి, గుడ్డులోకి, అక్కణ్ణుంచి వేల కోడిపిల్లల్లోకి పాకుతుంది. పెట్ట మాత్రం నిక్షేపంగా మేత తింటూనే ఉంటుంది. చూస్తే తెలియదు.

ఇదివరకు, 2030ల్లో, మనుషులు బూట్లకు గుడ్డ తొడుక్కుని షెడ్డంతా తిరిగి, ఆ గుడ్డని ల్యాబ్‌కి పంపేవారు. జవాబుకి ఐదు రోజులు. బాతు తలుపు నుంచి అవతలి గోడదాకా ఒక్కసారి నడుస్తుంది. గుడ్డకంటిన రెట్టలో ఆ బ్యాక్టీరియా డి.ఎన్.ఎ. ఉందో లేదో పన్నెండు నిమిషాల్లో చెప్పేస్తుంది.

పచ్చలైటు వెలిగింది.

"ఏడో మంగళవారం," అంది డాక్టర్ మృదుల. బాతుని తయారుచేసింది ఆవిడే. "ఏడుసార్లూ లేదనే అంటోంది."

"లేదంటే లేదనేనండి. దానికి అబద్ధాలు రావు కదా," అన్నాడు సూపర్‌వైజర్ సూర్రెడ్డి.

"మరి ఆసుపత్రిలో ముగ్గురు పిల్లలకి ఉందే?"

ఆ ముగ్గురూ సత్యవేణి పిల్లలు. ఆమె ఈ షెడ్డులోనే పనిచేస్తుంది. డాక్టరుగారు కబురు పెడితే ఆసుపత్రి నుంచి వచ్చి, గేటు దగ్గర స్నానం చేసి, ఫారం బట్టలు కట్టుకుని తలుపు పక్కన నిలబడింది.

"పిల్లలకేం పెట్టారు, సత్యవేణిగారూ?"

"రెండు సొనల గుడ్లండి. పొదగడానికి పనికిరావని మాకిస్తారు. చిన్నది నీరసంగా ఉందని పచ్చిదే పాలల్లో కొట్టి ఇచ్చాను. ముగ్గురూ తాగారు." మృదుల కళ్లల్లోకి చూసింది. "నేనిచ్చిందేనాండి?"

"ఏ పానీపూరీయో తినుంటార్లే," అన్నాడు సూర్రెడ్డి. "అంత మిషన్ లేదంటుంటే."

గోడ పక్కన గుడ్ల బుట్ట ఉంది. సాయంత్రం ఆడవాళ్లు ఇళ్లకు పట్టుకెళ్లేవి. సత్యవేణి దానికేసి చూసి, తర్వాత నేలకేసి చూసింది. షెడ్డంతా రెట్టతో నల్లగా గడ్డకట్టిన ఊక. బాతు నడిచిన దారి మాత్రం బంగారు రంగులో, బారెడు వెడల్పున మెరుస్తోంది.

"రత్నం, ఇవాళ నువ్వు పోశావా?"

"నేనే అక్కా," అంది అక్కడే మేత పోస్తున్న నూకరత్నం, డబ్బా దించి. "నువ్వు చెప్పినట్టే పాత ఊక ఎత్తేసి కొత్తది పోశా. లేకపోతే బాతు కూరుకుపోదూ? డాక్టరమ్మవి తెల్లబూట్లు కూడానూ."

మృదుల మొహం పాలిపోయింది. "ప్రతి మంగళవారమూనా?"

"మనింటికి ఎవరైనా వస్తుంటే వాకిలి ఊడవమాండి?" అంది సత్యవేణి. "మొదలెట్టింది నేనే."

"ఏడు వారాలు. ఒక్కరైనా నాతో అనలేదు."

"మీరడగలేదండి. బాతునే అడిగారు."

మృదుల బాతుని ఎత్తి, గుడ్లు పెట్టే పెట్టెల కింద, ఎవరూ ఊడవని మూలలో దింపింది. పన్నెండు నిమిషాలు గడిచాయి.

ఎర్రలైటు.

ఇంకో మూల. ఎర్రలైటే.

సత్యవేణి బుట్ట ఎత్తుకెళ్లి సున్నం గోతిలో బోర్లించింది.

గురువారానికి షెడ్డు ఖాళీ. జబ్బు పాకకుండా ఆరువేలనీ చంపేశారు. మిగిలిన షెడ్ల తలుపులకి సూర్రెడ్డి బోర్డులు పెట్టించాడు: మంగళవారానికి ముందు మూడు రోజులు ఎవరూ ఊడవరాదు. ఊడ్చినవారిని పనిలోంచి తీసేస్తాం.

"పన్నెండేళ్లు శుభ్రం శుభ్రం అని నెత్తిన మొత్తాడు," అంది నూకరత్నం. "ఇప్పుడు చీపురు పట్టుకుంటే దొంగలం."



శనివారం మధ్యాహ్నం ఆటో ఇంటి ముందు ఆగింది. హారిక దిగింది. ఒకటి. తేజ గోడ పట్టుకుని నిలబడ్డాడు. రెండు. చిన్నది, మౌని, తండ్రి భుజం మీద ఉంది. కళ్లు మూసుకునే ఉంది.

"వాకిలి ఊడవలేదేంటమ్మా?" అంది హారిక.

సత్యవేణి మౌని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. వెచ్చగా తగిలింది.

మూడు.

మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.