కనకాంబరాల జడ

పాలకుర్తిలో ఓ ప్రైవేటు బడిలో డ్రాయింగ్ చెప్పే సరళకు ఆదివారం అంటే నూనె రంగుల రోజు. పెళ్లికి ముందు నుంచి ఉన్న అలవాటు, బిడ్డ పుట్టినా మానలేదు. పొద్దున్నే వంట ముగించి, దొరికిన పూలేవో తెంపి చెంబులో పెట్టి, కిటికీ పక్కన కూర్చునేది. పొద్దు వాలేలోగా ఆ పూలు కాన్వాసు మీదికి రావాలి. గొప్ప బొమ్మ కావాలని కాదు, చెయ్యి ఆడుతూ ఉండాలని. భర్త కొండల్‌కు భూపాలపల్లి బొగ్గు గనిలో పని. సెలవు దొరికినప్పుడే వచ్చేవాడు. ఇంట్లో తనూ, ఆరేళ్ల సోనీ. గదిలో టర్పెంటైన్ వాసన, పక్క గదిలో బిడ్డ తనలో తాను మాట్లాడుకునే మాటలు. సరళకు అంతకన్నా నెమ్మది తెలియదు.

వానాకాలం మొదట్లో గట్టమ్మ అనే ముసలామె ఇంట్లో వెనక వాటా అద్దెకు తీసుకున్నారు. పెరట్లో గోడ పక్కన కనకాంబరం చెట్టు ఒకటి ఉంది. ఎవరూ పట్టించుకున్నట్టు లేదు కానీ విరగబూసింది. ఆ ఆదివారం సరళ వాటినే తెంపింది. ముదురు గోధుమ రంగు పూసి ఆరబెట్టుకున్న కాన్వాసు మీద, నారింజలో కాస్త తెలుపు కలిపి రేకు రేకూ దిద్దింది. చాలా రోజుల తర్వాత చెయ్యి తన మాట విన్నదనిపించింది.

మర్నాడు బడికి తయారు చేస్తూ సోని తల దువ్వబోతే దువ్వెన ఇరుక్కుంది. జుట్టులో జిగటగా నారింజ రంగు.

"బొమ్మ ముట్టినవా?"

"లేదమ్మా."

"అబద్ధం చెప్తే కొడత."

"నేను ముట్టలే. అక్క పెట్టింది."

సరళ పిల్ల వీపు మీద ఒక్కటి వేసింది. కొబ్బరినూనె రాసి రాసి ఆ రంగు వదిలించి, బొమ్మ ఎంత పాడైందో చూద్దామని వెళ్లింది.

గుత్తిలో ఒక పువ్వు లేదు.

పచ్చి రంగును వేలితో ముడితే చుట్టూ అలుక్కుపోతుంది, కింద గోధుమ పూత కనబడుతుంది. ఇక్కడ అంచు కూడా చెదరలేదు. పువ్వు ఉన్నంత మేర కొత్త గుడ్డలా తెల్లగా ఉంది. అక్కడ ఏ రంగూ ఎప్పుడూ తగలనట్టు.

ఆ రోజు బొమ్మను పడక గదిలో బీరువా మీద పెట్టి, గదికి లోపలి నుంచి తాళం వేసి, తాళం చెవి మంగళసూత్రానికి కట్టుకుని పడుకుంది. తెల్లారి చూస్తే మరికొన్ని పువ్వులు లేవు. సోని జడ పొడుగునా రంగు. ఆ జడ సరళ వేసింది కాదు. అంత బిగువుగా, అంత నున్నగా వేయడం ఆమెకు రాదు. గదిలో టర్పెంటైన్ వాసన లేదు. తడి జుట్టు వాసన... తలకు పోసుకుని సరిగా ఆరనివ్వని జుట్టు వాసన.

సోని ఒళ్లు వెచ్చబడింది.

సరళ ముందు వాటాకు పరుగెత్తింది. గట్టమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది.

"అవ్వా, పెరట్ల కనకాంబరం ఎవలు పెట్టిన్రు?"

చేట ఆగింది. "ఆ పూలు తెంపినవా బిడ్డా?"

"బొమ్మ ఏసుకుందామని..."

గట్టమ్మ చేట పక్కన పెట్టింది. "మా సంగీత పెట్టింది. నా బిడ్డ. వాడకట్టు పోరగాండ్లందరికీ జడలు గదే ఏసేది. ఎవ్వల తల దొరికినా ఇడ్వకపోయేది. ఆఖరుకు దవాఖానల మందులకు జుట్టంత ఊడిపోయింది. సచ్చిననాడు పూలు పెడదామంటే ఒక్క ఎంటిక లేకుండె." కొంగుతో మూతి తుడుచుకుని గొంతు తగ్గించింది. "నీ బిడ్డ జుట్టు తీసెయ్యి. జుట్టుంటె ఇడ్వది."

ముసలామె బాధలో ఏదో అంటున్నదనుకుంది సరళ. సోనికి ఒత్తుగా నడుము దాకా జుట్టు. పుట్టువెంట్రుకలు తీశాక కత్తెర తగలని జుట్టు. జ్వరానికి మందు తెచ్చి వేసింది. కొండల్‌కు ఫోన్ చేస్తే, గని లోపల ఉన్నాడేమో, కలవలేదు.

సాయంత్రం వాన పట్టుకుంది. మబ్బు కమ్మి ఇల్లంతా ముందే చీకటైంది. కరెంటు పోయింది. రేకుల మీద వాన చప్పుడుకు ఇంకేమీ వినబడడం లేదు. సరళ వంటింట్లో కొవ్వొత్తి వెతుకుతోంది. అంతలో వాన ఒక్కసారిగా తగ్గింది.

అప్పుడు వినబడింది.

సర్... సర్... సర్...

దువ్వెన చప్పుడు.

కొవ్వొత్తి పట్టుకుని గది గుమ్మంలోకి వచ్చింది. సోని మంచం మీద కూర్చుని ఉంది. ఇటు వీపు. తల కాస్త వెనక్కి వాలి ఉంది, ఎవరో జుట్టు పట్టి లాగినట్టు. విప్పిన జుట్టు మూడు పాయలైంది. ఒక పాయ లేచింది... పక్కదాని మీద పడింది. ఇంకొకటి లేచింది.

చేతులు మాత్రం లేవు.

సరళ కళ్లు బీరువా మీదికి పోయాయి. కాన్వాసు మీద చెంబు ఉంది. గుత్తి లేదు. అక్కడొకటి ఇక్కడొకటి పువ్వులు. ఆమె చూస్తుండగానే ఒకటి పోయింది. తెల్ల మచ్చ. ఇంకొకటి.

"అక్కా..." సోని గుసగుసలాడింది. "అయిపోయిందా?"

పాయ మీద పాయ పడింది.

"ఇంకొక్కటేనా?"

"సోనీ... ఇటు రా బిడ్డా."

"జర ఆగమ్మా. జడ అయినంక అక్కోళ్ల ఇంటికి తీస్కపోతదట."

కాన్వాసు మీద ఒక్క పువ్వు మిగిలింది.

కుట్టుమిషన్ మీద కత్తెర ఉంది. అది చేతిలోకి ఎప్పుడు వచ్చిందో సరళకు తెలియదు. కొవ్వొత్తి పడిపోయింది. చీకట్లో తడుముకుంటూ బిడ్డ మెడ వెనక జడ దొరకబుచ్చుకుంది. చల్లగా ఉంది. నీళ్లలో నానిన తాడులా బరువుగా ఉంది. కత్తెర వేసింది. సగం తెగింది. తక్కినది తెగలేదు... జడ కింది కొసను ఎవరో పట్టుకున్నారు. మెల్లగా, ఏ తొందరా లేకుండా, తమ వైపు లాగుతున్నారు.

"ఇడువు," అంది సరళ. "నా బిడ్డను ఇడువు."

లాగడం ఆగింది. వేళ్ల మీద ఊపిరి తగిలింది. చల్లగా.

కత్తెర కలిసింది.

సోని కెవ్వుమని ఏడ్చింది. ఆ ఏడుపు విని గట్టమ్మ లాంతరు పట్టుకుని వచ్చింది. సరళ బిడ్డను గుండెకు అదుముకుని నేల మీద కూర్చుని ఉంది. తెగిన జడ గదిలో ఎక్కడా కనబడలేదు. ఆ ఆఖరి పువ్వు మాత్రం కాన్వాసు మీదే ఉంది.

తెల్లారగానే మంగలిని పిలిపించి సోనికి గుండు చేయించింది. మధ్యాహ్నానికి జ్వరం దిగింది. కొండల్ వచ్చి, అంతా విని, సామాను ఆటోలోకి ఎక్కించాడు. రంగులు, కుంచెలు, కాన్వాసు అక్కడే వదిలేశారు. వెళ్తుంటే గట్టమ్మ సోని నున్నటి తల నిమిరి, "గిట్లనే ఉండె మా సంగీత కూడ, ఆఖరుకు," అంది. ఆ మాట దారి పొడుగునా సరళ మనసులో మెదిలింది.

భూపాలపల్లిలో క్వార్టరు దొరికింది. సోని కొత్త బడికి పోతోంది, అన్నం తింటోంది, పొద్దంతా ఆడుతోంది. పాలకుర్తి సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. సరళ మెల్లగా నిద్రపోవడం నేర్చుకుంది.

ఓ ఆదివారం మధ్యాహ్నం కొండల్ డ్యూటీలో ఉన్నాడు. సరళ అన్నానికి పిలుద్దామని వంటింట్లోంచి వచ్చింది. సోని గడప మీద, ఎండలో, అటు తిరిగి కూర్చుని ఉంది. గుండు మీద జుట్టు ఇంకా వేళ్లకు అందేంత కూడా పెరగలేదు. తల కాస్త వెనక్కి వాలి ఉంది.

పిల్ల చేతిలో ఎర్ర రబ్బరు బ్యాండు ఉంది. వెనక్కి చూడకుండానే ఆ చెయ్యి భుజం మీదుగా ఎత్తి పట్టింది. కాసేపు అలాగే ఉంచింది.

తర్వాత చెయ్యి కిందికి దించింది. ఖాళీగా.