కానుకల పెట్టెలో వీడియో గేమ్

బందరులో ఆ పొద్దున స్వర్ణలత ఇడ్లీ రేకులకి నూనె రాస్తుండగా ఫోను మోగింది. అవతల కూతురు షారోను. వచ్చి తనని తీసికెళ్ళిపొమ్మని ఒక్క మాట చెప్పి, వెక్కుతూనే పెట్టేసింది. ఆ తర్వాత పొయ్యి మీద ఇడ్లీలు ఏమయ్యాయో స్వర్ణలతకి తెలియదు.

షారోను నాయనమ్మ దగ్గరికి వీబీఎస్‌కి, అంటే సెలవుల బైబిలు బడికి, వెళ్ళి నాలుగు రోజులైంది. అవనిగడ్డ పక్కన ఆ ఊరి చర్చిలో ఏటా ఎండాకాలం సెలవుల్లో పిల్లలందరినీ పోగేసి పాటలు, బైబిలు కథలు, ఆటలు నడిపిస్తారు. నడిపించేది జ్ఞానమ్మ, స్వర్ణలత అత్తగారు. ఆవిడ టీచరుగా రిటైరైంది గానీ ఆవిడ గొంతు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. పొద్దస్తమానం ఆ చేతి వీడియో గేమ్ నొక్కుకుంటూ పిల్ల గూనిదైపోతోందని, ఈ వేసవికి తన దగ్గరికి పంపి తీరాలని పట్టుబట్టింది.

పంపడం స్వర్ణలతకి ఇష్టం లేదు. షారోను ఏడో నెలలో పుట్టింది. గాజుపెట్టెలో గుప్పెడంత ఉన్న పిల్లని చూస్తూ, బతికిస్తే దీని కంట నీరు రానివ్వనని ఆవిడ దేవుడికి మాటిచ్చింది. తొమ్మిదేళ్ళుగా ఆ మాట నిలబెట్టుకోవడమే ఆవిడకి ఉద్యోగం. పిల్ల కింద పడితే నేలని కొట్టింది. పక్కింటి పిల్లలు ఆటలో ఏడిపిస్తే ఆ ఆటే మాన్పించింది.

ఫోను సంగతి విని, రెండు రోజులు ఆగి చూద్దామని భర్త ఆనందరావు సణిగాడు. ఆవిడ చూసిన చూపుకి మిగతా మాట కాఫీతో పాటు మింగేశాడు. చల్లపల్లి మీదుగా అవనిగడ్డ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో, స్వర్ణలత మధ్యాహ్నానికి చర్చి ముందు దిగింది.

వంట చూసే రాజకుమారి ఎదురొచ్చి మజ్జిగ ఇచ్చింది. జరిగిందంతా ఆవిడే చెప్పింది, మధ్యమధ్యలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ.

మొదటి రోజే షారోను తలగడ కింద వీడియో గేమ్ దొరికింది. పిల్లల చేతికి అందకుండా దాన్ని ఎక్కడ దాచాలి? చర్చి మొత్తానికి తాళం పడేది కానుకల పెట్టె ఒక్కటే. జ్ఞానమ్మ దాన్ని అందులో పెట్టి తాళం వేయించింది, పెట్టేముందు దాని స్విచ్చి ఆపాలని మాత్రం ఆవిడకి తెలియదు. సాయంత్రం పాస్టరు యాకోబు గారు కళ్ళు మూసుకుని ప్రార్థన మంచి ఊపులో చేస్తుండగా పెట్టె కీచుకీచుమని పాట అందుకుంది. తాళం చెవి ఉన్న పెద్దమనిషి పామర్రు పెళ్ళికి వెళ్ళాడు. బ్యాటరీలు అయిపోయేదాకా పెట్టె పాడుతూనే ఉంది, పాస్టరు గారు ఆపకుండా ప్రార్థిస్తూనే ఉన్నారు. పిల్లలు కడుపులు పట్టుకుని దొర్లారు. అప్పట్నుంచి షారోనుకి వాళ్ళు పెట్టిన పేరు కానుకల పెట్టె. నిన్న ఏడు పెంకులాటలో ఆ పేరుతోనే ఏడిపించారు. పిల్ల ఓడిపోయింది, పడింది, మోకాలు చెక్కుకుపోయింది.

రాజకుమారికి నవ్వొచ్చింది గానీ స్వర్ణలతకి ఒళ్ళు మండిపోయింది. పాస్టరు గారి వరండాలో జ్ఞానమ్మ రేపటి పాటకి పిల్లలకి కాగితం కిరీటాలు కత్తిరిస్తోంది. స్వర్ణలత కూర్చోను కూడా లేదు.

"నా పిల్లని నలుగురిలో నవ్వులపాలు చేశారు అత్తయ్యగారూ. ఇప్పుడే తీసికెళ్తున్నాను."

జ్ఞానమ్మ కత్తెర పక్కన పెట్టింది. "పెట్టెలో పెట్టడం నా తప్పే. పిల్లకీ చెప్పాను ఆ మాట. కానీ స్వర్ణా, ఏడ్చిన పిల్లని ఏడుస్తుండగానే తీసికెళ్తే, మళ్ళీ ఎప్పటికీ నలుగురిలోకి రాదమ్మా."

"రాకపోతే మానె. అది మీ అందరి పిల్లల్లాంటిది కాదు."

"ఎందుకు కాదు? మీ ఇంట్లో కేరమ్స్ ఆడితే ఎవరు గెలుస్తారు?"

ఆ సంగతి స్వర్ణలతకి తెలుసు. షారోనే గెలుస్తుంది. ఎప్పుడూ షారోనే. పిల్ల మొహం వాడకూడదని భార్యాభర్తలు పోటీలు పడి మరీ ఓడిపోతారు.

లోపలి గుమ్మంలోంచి సమాధానం వచ్చింది. "నాన్న రెడ్డు కాయిన్ ఎదురుగా ఉన్నా పక్కకి కొడతాడు. నాకు తెలుసు."

మోకాలికి కట్టుతో షారోను నిలబడి ఉంది. స్వర్ణలత దగ్గరికి లాక్కోబోతే పిల్ల రాలేదు.

"మీరెవరూ నాతో నిజంగా ఆడరమ్మా. గేమ్ ఒక్కటే నిజంగా ఆడుద్ది. ఎన్నిసార్లో ఓడిస్తది."

స్వర్ణలత చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. బిడ్డని ఆ గేమ్‌కి అంటించింది ఎవరో ఇన్నాళ్ళూ వెతుకుతోంది. టీవీ వాళ్ళని తిట్టింది, కొనిచ్చిన మొగుణ్ణి తిట్టింది. ఓడిపోవడం అలవాటే అయితే నిన్న ఎందుకేడ్చావని అడిగింది.

"గేమ్ నవ్వదుగా. వీళ్ళు నవ్వుతారు," అంది షారోను తల వంచుకుని.

ఇంతలో గేటు దగ్గర పిల్లల గుంపు చేరింది. ఎండాకాలం కాలవలకి నీళ్ళు కట్టేసిన రోజులు కావడంతో, చర్చి వెనక ఎండిన కాలవే వాళ్ళ మైదానం. కానుకల పెట్టె వస్తుందా రాదా, తమకి ఒకళ్ళు తక్కువయ్యారని ఒకటే గోల. షారోను మొహం ఎర్రబడింది. కానీ కాళ్ళు రెండడుగులు అటు వేశాయి. స్వర్ణలత ఆ అడుగులు చూసింది. చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కిస్తే ఇచ్చిన మాట నిలబడుతుంది, పిల్లే నిలబడదు.

"సాయంత్రం బస్సుకి వెళ్దాంలే. ఈలోపు ఆడుకో," అంది.

"నువ్వూ ఆడతావా? అవతలి జట్టులో?" షారోను తల్లి కళ్ళలోకి చూసింది. "కావాలని ఓడిపోయావంటే మాత్రం నీతో మాట్లాడను."

స్వర్ణలత చెప్పులు విప్పి, కొంగు బొడ్లో దోపి కాలవలోకి దిగింది. జ్ఞానమ్మ గట్టు మీద కుర్చీ వేయించుకుంది. షారోను బంతి విసిరి పెంకుల దొంతర పడగొట్టింది. ఇక వాళ్ళ జట్టు మళ్ళీ పేర్చాలి, ఈలోపు స్వర్ణలత జట్టు వాళ్ళు బంతితో ఎవరినైనా కొడితే ఆట పోయినట్టే. పిల్లలు ఎగబడ్డారు, దుమ్ము లేచింది, పెంకులు ఒక్కొక్కటే పైకెక్కాయి. ఆఖరి పెంకు షారోను చేతిలో ఉంది. బంతి దొర్లుకుంటూ వచ్చి స్వర్ణలత కాళ్ళ దగ్గర ఆగింది.

ఎదురుగా ఆ సన్నటి వీపు, పుల్లల్లాంటి భుజాలు. గాజుపెట్టెలో చూసిన వీపే. వంగి బంతి చేతిలోకి తీసుకుంది. గుడివాడ కాలేజీలో త్రోబాల్ ఆడిన చెయ్యి. పక్కకి విసరడం ఎంతసేపు?

స్వర్ణలత గురి చూసి కొట్టింది.

చప్పుడు గట్టు మీదికి వినిపించింది. షారోను పెంకుల మీద బోర్లా పడింది. అందరూ ఘొల్లున నవ్వారు. స్వర్ణలత పరిగెత్తబోయిన కాళ్ళని బలవంతంగా ఆపుకుంది. పిల్ల లేచి కూర్చుంది. కళ్ళ నిండా నీళ్ళు, అవి చెంపల మీది దుమ్ములో చారలు కట్టాయి. అందరి మొహాలూ ఒకసారి చూసింది. వీపు తడుముకుంటూ తల్లి వైపు తిరిగింది.

"నిజంగానే కొట్టావు," అంది. పెదవులు వణికి, ఏడుపో నవ్వో తెలియనట్టు ఆగి, చివరికి పకపకా నవ్వేసింది. వాళ్ళ నవ్వులో తన నవ్వు కలిసిపోయింది. స్వర్ణలతకి మాత్రం కళ్ళనీళ్ళు ఆగలేదు.

షారోను బంతి ఏరుకుంది. బస్సు సంగతి ఆ పిల్లకి గుర్తున్నట్టు లేదు.

"ఈసారి మీరు పేర్చండి, నేను కొడతాను. పరిగెత్తమ్మా."

స్వర్ణలత మొహం తుడుచుకోకుండానే పరిగెత్తింది.