వీధి దీపంలో పిచ్చుకలు

అన్నం సగంలో వదిలేసి నాగులు వీధిలోకి పరిగెత్తింది.

"మే, చెయ్యన్నా కడుక్కోని పో," అని లోపల్నుంచి వాళ్లమ్మ గురవమ్మ కేక వేసింది. ఆ కేక గడప దాటేసరికి నాగులు నాలుగిళ్లు దాటేసింది.

నాగులుకు పదేళ్లు. ఒకచోట కూర్చోవడం ఆ పిల్లకు చేతకాదు. బడిలో బల్ల మీద జరుగుతూ జరుగుతూ చివరికొచ్చి, ఆ ఏడాది మూడుసార్లు కింద పడింది. ఇప్పుడు ఎండాకాలం సెలవులు. ఇక ఆ కాళ్లను ఆపేవాళ్లు లేరు.

వాళ్ల నాయన శాంతయ్య తిరుపతిలో వీధి దీపాలు వెలిగిస్తాడు. వాళ్ల వీధికి ఇంకా కరెంటు రాలేదు. ఇనుప కంబం, దాని తలమీద అద్దాల పెట్టె, లోపల కిరసనాయిలు బుడ్డి. అదే వీధి దీపం. యుద్ధం వచ్చి కిరసనాయిలు దొరక్క, మూలమీది దీపాన్ని ఏడాదిగా వెలిగించలేదు. దాని అద్దం ఒకటి పగిలింది. ఆ సందులోంచి పిచ్చుకల జంట దూరి, లోపల గూడు కట్టుకుంది.

గంగ జాతర వస్తోంది. వారం పాటు జనం రోజుకో వేషం వేసుకుని వీధుల్లో తిరుగుతారు. మూల దీపం కూడా తుడిచి పెట్టమని దీపాల మేస్త్రి చెప్పాడు. పొద్దున శాంతయ్య నిచ్చెన వేసి ఎక్కాడు, గూడు చూశాడు, దిగేశాడు. నిచ్చెన అక్కడే వదిలి అన్నానికి వచ్చి, కంచం ముందు కూర్చుని ఒకే మాట చెప్పాడు.

"నాలుగు పిల్లలుండాయి. నువ్వు ఎక్కబాకు."

ఆ మాట వినగానే నాగులుకు ముద్ద దిగలేదు.

నిచ్చెన కంబానికే ఆనించి ఉంది. నాగులు ఎక్కింది. అద్దం తలుపు లాగితే కిర్రుమంది. లోపల గడ్డి, దూది, చిన్న గుడ్డపేలికలు. వాటి మధ్య నాలుగు తలకాయలు. నోటి అంచులు పసుపు పూసినట్టున్నాయి. రెక్కలు సగమే వచ్చాయి.

నాగులు ఇంకొంచెం ముందుకు వంగింది. అంతే. ఒక పిల్ల బెదిరి, ఆమె భుజం మీదుగా దూకింది. ఎగరడం దానికి రాదు. వీధిలో దుమ్ములో పడింది.

గోడమీద కాకి ఉంది. నాగులు మోకాలు గీసుకుని కిందికి దిగేలోపల అంతా అయిపోయింది.

ఎదురింటి తిన్నె మీద విస్తరాకులు కుట్టుకుంటున్న వరలక్ష్మమ్మ అవ్వ చూసింది. "నేను లేసేలోగా ఎత్తకపాయ," అంది మెల్లిగా.

శాంతయ్య వచ్చాడు. పెట్టెలోకి చూశాడు, అద్దం తలుపు మూశాడు, దిగాడు. తిడతాడని నాగులు తల దించుకుని నిలబడింది.

"ఇంక మూడుండాయి," అన్నాడు.

నిచ్చెన భుజానేసుకుని వెళ్లిపోయాడు. రెండు దెబ్బలు వేసినా బాగుండేదనిపించింది నాగులుకు.

ఆ సాయంత్రం మేస్త్రి కుప్పయ్య మూల కంబం దగ్గరికి వచ్చాడు. "రేపు జాతర సాటింపు ఏస్తారు. అప్పట్నించి జాతర అయ్యేదాకా అన్ని దీపాలూ ఎలగాల అప్పా," అన్నాడు శాంతయ్యతో.

"మూల దీపంలో పిచ్చుక పిల్లలుండాయి మేస్త్రీ. ఎలిగిస్తే కాలిపోతాయి. గూడు కదిలిస్తే దూకేస్తాయి. ఒక ఐదారు దినాలు ఆగితే అవే ఎగిరిపోతాయి."

"నువ్వు సెప్తే గంగమ్మ ఆగతాదా? వేషాలోళ్లు గుంపులు గుంపులుగా ఆ మూల తిరుగుతారు. సీకట్లో కాలవలో ఎవురన్నా పడితే నన్ను అడుగుతారు, నీ పిచ్చుకల్ని కాదు."

"ఎలుతురుంటే సాలు గదా. మా ఇంటి లాంతరు అవ్వ తిన్నె మీద పెడతా."

"పెడతావు. గాలికి ఆరిపోతాది. ఎవుడో తన్నిపోతాడు. నువ్వేమో మిగతా దీపాలు ఎలిగించాల. కాపలా ఎవురు కూసుంటారు?"

"నేను కూసుంటా," అంది నాగులు.

ముందు నవ్వింది వరలక్ష్మమ్మ అవ్వ. "నువ్వా? ఒక్క విస్తరాకు కుట్టేంత సేపు కూసో మే, సూస్తాం."

కుప్పయ్య నవ్వలేదు. "లాంతరు ఒక్కసారి ఆరితే, ఆ పొద్దే కంబం దీపం ఎలిగిస్తా. ఆపైన నన్ను ఏమీ అడగొద్దు," అని చెప్పి వెళ్లాడు.

మర్నాడు లాంతరు పెట్టే వేళ దాకా ఆగలేక, మధ్యాహ్నమే వచ్చి కంబం కింద నిలబడింది నాగులు. తల్లి పిచ్చుక కంబం వెనకున్న ఇంటి పెంకు మీద వాలింది. నోట్లో పచ్చని పురుగు. అటు ఎగిరింది, ఇటు ఎగిరింది, లోపలికి మాత్రం రాలేదు. పెట్టెలో పిల్లలు అరుస్తున్నాయి.

"దాని వాకిట్లో నువ్వు నిలబడుకోని ఉంటే అదెట్ల పోతాది?" అంది అవ్వ. "ఈడికి రా."

నాగులు వచ్చి తిన్నె మీద కూర్చుంది. పిచ్చుక ఇంకా రాలేదు.

"కాలు," అంది అవ్వ.

నాగులు చూసుకుంది. కుడికాలు దానంతటదే ఊగుతోంది. ఆ కాలు మడిచి దాని మీద కూర్చుంది.

అవ్వ రెండు విస్తర్లు కుట్టింది. అప్పుడు పిచ్చుక పగిలిన అద్దంలోంచి దూరింది. లోపల గోల పెరిగి, ఆగిపోయింది. బయటికి వచ్చేటప్పుడు దాని నోట్లో తెల్లటి చిన్న ముద్ద ఉంది. దూరంగా తీసుకుపోయి పారేసింది.

"ఏందవ్వా అది?"

"పిల్లల రెట్ట. మీయమ్మ ఇల్లు ఊడవదా? అట్లే."

నాగులు కళ్లు పెద్దవయ్యాయి. నిచ్చెన మీద నిలబడినప్పుడు ఇదేమీ కనపడలేదు. మెడకింద నల్లగా ఉన్నది తండ్రి అని, అది వచ్చే ముందు రెండుసార్లు అరుస్తుందని, పొద్దుగూకేలోపల కనిపెట్టింది.

ఆ మర్నాడు బైరాగి వేషం. నాగులు ఈడువాడు, పక్కింటి చెంగల్రాయుడు ఒళ్లంతా తెల్లసుద్ద పూసుకుని, పదిమంది పిల్లల్ని వెంటేసుకుని వచ్చాడు. పలక డప్పులు మోగుతున్నాయి. చేతుల్లో వేపమండలు.

"రా మే నాగులూ, సుద్ద మిగిలుండాది. ఏం, అవ్వ నిన్ను కట్టేసిందా?"

నాగులు ఒళ్లంతా లేచి నిలబడ్డట్టయింది. పోయిన ఏడు ఆ గుంపుకు ముందు నడిచింది తనే. అంతలో ఒకడు వేపమండతో కంబాన్ని ఠంగున కొట్టాడు. పగిలిన అద్దం అంచుకు ఒక పిల్ల వచ్చి నిలబడింది.

ఎప్పుడూ వీధి దద్దరిల్లేలా అరిచే నాగులు అరవలేదు. దిగి వెళ్లి పలక మీద అరచెయ్యి పెట్టింది.

"లోపల పిల్లలుండాయి సెంగా. అవి దూకితే కాకి ఎత్తకపోతాది. మొన్న ఒకటి నా వల్లనే పాయ," అంది.

చెంగల్రాయుడు పైకి చూశాడు. పిల్ల లోపలికి వెళ్లేదాకా ఎవరూ కదల్లేదు. గుంపు చప్పుడు లేకుండా మూల తిరిగింది. ఆ తర్వాత పలకలు మళ్లీ మోగాయి. నాగులు వాటి వెనక రెండడుగులు వేసింది. మూడోది వెయ్యలేదు.

నాలుగో రోజు చీకటి పడేవేళ గాలి లేచింది. లాంతరు మంట చిన్నదైంది. నాగులు పావడ కుచ్చిళ్లు రెండు చేతులా పట్టి దానికి అడ్డం కూర్చుంది. ముక్కు దురద పెట్టింది. గోక్కోలేదు. కుప్పయ్య అటు వచ్చి, లాంతరు చూశాడు, నాగులును చూశాడు, కంబం జోలికి పోకుండా ముందుకు సాగాడు.

ఆరో రోజు పొద్దున ఒక పిల్ల అద్దం అంచున కూర్చుంది. లోపలికి పోయింది, మళ్లీ వచ్చింది, ఎగిరింది. రెండోది దాని వెనకే. మూడోది మధ్యాహ్నం దాకా భయపడింది. గోడమీదికి కాకి వచ్చినప్పుడు మాత్రం నాగులు లేచి వెళ్లి గోడ దగ్గర నిలబడింది. కాకి పోయింది. తల్లి పెంకు మీదనుంచి పిలుస్తోంది. పిల్ల దూకింది, కొంచెం దిగింది, రెక్కలు కొట్టుకుని పెంకు అందుకుంది.

సాయంత్రం శాంతయ్య కంబానికి నిచ్చెన వేశాడు. "ఇప్పుడు ఎక్కు. నువ్వే తుడువు," అన్నాడు.

నాగులు ఎక్కింది. గూడు రెండు చేతులా ఎత్తి కిందికి తెచ్చింది. చేతిలో బరువే లేదు.

అప్పుడే చెంగల్రాయుడు వచ్చాడు. ఆ రోజు సున్నపు కుండల వేషం. ఒంటి మీద నల్లచుక్కలు, నెత్తిన చిల్లుల కుండ.

"వేషం తీసేసినాక ఆ కుండ ఏం సేస్తావు సెంగా?"

"పగలగొడతా."

"నాకియ్యి."

శాంతయ్య ఒక చిల్లును పిచ్చుక పట్టేంత పెద్దది చేశాడు. గూడు లోపల పెట్టి, అవ్వ ఇంటి చూరుకు కుండ కట్టాడు. అటుపైన, ఏడాదిలో మొదటిసారి మూల దీపం వెలిగించి, మిగతా దీపాల పనిమీద పోయాడు.

జాతర మర్నాడు పొద్దున చెంగల్రాయుడు తిన్నె ఎక్కి, కుండ చిల్లుకు కన్ను ఆనించబోయాడు. "వచ్చినాయేమో సూస్తా ఉండు."

నాగులు వాడి చొక్కా పట్టి లాగింది. "దిగు. ఈడ కూసుంటే కనపడతాది."

"ఎంతసేపు?"

"తెలీదు."

చెంగల్రాయుడు కూర్చున్నాడు. ఎదురింటి పెంకు మీద పిచ్చుక ఒకటి వాలింది. నోట్లో గడ్డిపోచ ఉంది. అటు చూసింది, ఇటు చూసింది, కదల్లేదు.

"కాలు," అంది నాగులు మెల్లిగా.

చెంగల్రాయుడు తన కాలు చూసుకున్నాడు. వాడు దాన్ని మడిచి పెట్టుకునేందుకు వీలుగా నాగులు కొంచెం పక్కకు జరిగింది.